నాలుగో గడి

దుప్పటి మడతపెట్టడానికి నిజానికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో ఆ రెండో మనిషి పని నా గడ్డం చేస్తుంది. రెండు కొసలు గడ్డం కింద ఇరికించి, మిగతా రెండు కొసలు చేతులు బార్లా చాపి పట్టుకుని, పొట్టకి అదిమి సగం చేసి, మళ్లీ సగం చేసి మంచం మీద పడేస్తాను. మంగళవారం పొద్దున అలా నాలుగు దుప్పట్లయ్యాక, ఆసుపత్రిలో కౌన్సిలరమ్మ ఇచ్చిన కాగితం తీసి రాశాను: తొమ్మిది నుంచి పది, బట్టలు మడతపెట్టడం. పక్కన రెండు చిన్న గడులున్నాయి. సంతోషం, పదికి ఎంత? ఏదైనా సాధించానన్న తృప్తి, పదికి ఎంత? సంతోషం దగ్గర సున్నా వేశాను. తృప్తి దగ్గర కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రేపు మళ్లీ విప్పేసే దుప్పటిని మడతపెడితే ఏం సాధించినట్టు? ఏమో, సాధించినట్టేనేమో. నాకు తెలియలేదు.

మా ఆయన స్కూలుకి బయల్దేరుతూ నా భుజం మీంచి తొంగి చూశారు. ఆయన లెక్కల టీచరు. ఎక్కడ గడులున్న కాగితం కనపడినా ఆగిపోతారు.

"సంతోషానికి సున్నా ఏమిటి? నీకు బట్టలు మడతపెట్టడం ఇష్టమే కదా!"

నేనెప్పుడు చెప్పాను బాబూ ఇష్టమని? అయినా పద్నాలుగేళ్లుగా రోజూ చేస్తున్నాను, ఇష్టం లేకుండానే చేస్తున్నానా? పక్కనుండి చూసేవాళ్లకి తెలిసినంత మనకి తెలియదంటారు కదా. సున్నా కొట్టేసి మూడు వేశాను. ఆయన తృప్తిగా తల ఊపి వెళ్లిపోయారు. ఆ రెండో గడిలో ఉండాల్సిన తృప్తి ఆయనకి దొరికిందన్నమాట.

మూడు నెలలుగా నా పరిస్థితి ఇదే. ఒక డయాగ్నస్టిక్ లాబ్‌లో పదకొండేళ్లు టెక్నీషియన్‌గా చేసిన మనిషిని. వందల ట్యూబులు, వందల పేర్లు, ఏ రక్తం ఎవరిదో తడుముకోకుండా చెప్పేదాన్ని. ఇప్పుడు టీలో చక్కెర వేశానో లేదో చెప్పలేను. పొద్దున లేస్తే ఒళ్లంతా తడిసిన బొంతలా బరువు. పళ్లు తోముకుంటూ ఆగిపోయి, నీళ్లు పోతున్న కుళాయిని చూస్తూ నిలబడతాను. ఏడుపైనా రాదు, వస్తే కాస్త తేలికపడేదాన్నేమో. డాక్టరు ఇది డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. మాత్రలతో పాటు ఆలోచనల సంగతి కూడా చూడాలి అంటూ అదే ఆసుపత్రిలో పై అంతస్తులో ఉన్న కౌన్సిలరమ్మ దగ్గరికి పంపించారు.

లాబ్ వాళ్లు ఇచ్చిన సెలవు ఈ ఆదివారంతో అయిపోతుంది. సోమవారం డ్యూటీలో చేరాలి, లేదా రాజీనామా ఇవ్వాలి. రాజీనామా ఉత్తరం మా ఆయన ఎప్పుడో రాసి సిద్ధంగా ఉంచారు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. నేను సంతకం పెట్టడమే తరువాయి. "నీ మంచికే చెబుతున్నాను. మళ్లీ ఒక తప్పు జరిగితే నువ్వు తట్టుకోలేవు," అన్నారు. అత్తయ్యకి తుంటి ఎముక విరిగింది, వాకర్ పట్టుకుని నడుస్తున్నారు, ఇంట్లో ఒక మనిషి ఎలాగూ ఉండాలి. అన్నీ సరిగ్గా అతికినట్టు సరిపోయాయి. నాకు తప్ప అందరికీ స్పష్టంగా ఉంది.

ఆ తప్పు సంగతి చెప్పాలి. ఒకరోజు రద్దీలో రెండు ట్యూబుల లేబుళ్లు తారుమారు చేశాను. ఒక గర్భిణీ స్త్రీ రక్తం మీద ఒక డ్రైవరు పేరు, డ్రైవరు రక్తం మీద ఆమె పేరు. రిపోర్టులు బయటికి పోకముందే విషయం తెలిసింది, ఇద్దరినీ వెనక్కి పిలిచి మళ్లీ రక్తం తీశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాటి నుంచి నా మీద నాకే అనుమానం మొదలైంది. ఒక్కో లేబుల్ ఏడుసార్లు చదివేదాన్ని, అయినా నమ్మకం కుదిరేది కాదు. కౌంటర్ దగ్గర జనం గొణుగుతుంటే వాష్‌రూమ్‌లోకి పోయి తలుపేసుకునేదాన్ని. అలా వేసుకున్న తలుపే ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోలేదు.

కౌన్సిలరమ్మ మొదటిరోజు చెప్పింది విని నాకు తల తిరిగింది. "మనకి వచ్చే ప్రతి ఆలోచనా నిజం కాదండీ. ఏదో జరుగుతుంది, వెంటనే ఒక ఆలోచన వస్తుంది, ఆ ఆలోచనని బట్టి మనసు కుంగుతుంది, మనసు కుంగితే పనులు మానేస్తాం, మానేస్తే ఇంకా కుంగుతాం. ఆ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. ముందు ఆలోచనని పట్టుకుని పరీక్షిద్దాం." ఆమె మంచావిడే, గొంతు మెత్తన. కానీ నాకు లోపల చిర్రెత్తుకొచ్చింది. నా ఆలోచనలు తప్పని చెప్పడానికి ఇంత దూరం రావాలా? మా ఇంట్లో రోజూ చెబుతూనే ఉన్నారు. నాకు అలసటగా ఉందంటే "అలా అనుకుంటున్నావంతే", ఆడపడుచు మాట గుచ్చుకుందంటే "దానికి ఆ ఉద్దేశం లేదు, నువ్వే ఊహించుకున్నావు". ఇప్పుడు ఈమె కూడా అదే మాట కాస్త మర్యాదగా చెబుతోందా, లేక వేరే మాట చెబుతోందా? అడగడానికి నోరు రాలేదు. సరేనండీ అని తలూపి కాగితాలు తెచ్చుకున్నాను.

వాటిలో రెండో కాగితంలో ఐదు గడులు. ఏం జరిగింది. ఏ ఆలోచన వచ్చింది. అది నిజమనడానికి ఆధారాలు. నిజం కాదనడానికి ఆధారాలు. అవన్నీ చూశాక ఇప్పుడేమనిపిస్తోంది. ఇది నాకు కొంచెం నచ్చింది, అబద్ధమెందుకు. లాబ్‌లో రోజూ పొద్దున పేషెంట్ల రక్తం పెట్టే ముందు విలువ తెలిసిన రక్తం ఒకటి మెషిన్‌లో పెట్టి చూస్తాం. మెషిన్ సరిగ్గా చెప్పిందా, ఆరోజు దాన్ని నమ్ముతాం. కానీ ఇక్కడ పరీక్షించాల్సింది నా బుర్ర, పరీక్షించే మెషినూ నా బుర్రే. పాడైపోయిన మెషిన్ నేను బాగానే ఉన్నానంటే నమ్మాలా, పాడయ్యానంటే నమ్మాలా?

మా పాప ఏడో తరగతి. "అమ్మా, నీకూ హోంవర్కా!" అని ఒకటే నవ్వు. దాని పక్కనే కూర్చుని రాశాను. ఏం జరిగింది: కూర మాడింది. ఆలోచన: నేను దేనికీ పనికిరాను. నిజమనడానికి ఆధారాలు: కూర మాడింది, లాబ్‌లో లేబుళ్లు మార్చాను, పాప స్కూలు మీటింగ్ మర్చిపోయాను, అత్తయ్య మాత్ర ఒకసారి ఆలస్యమైంది. కలం ఆగకుండా నడిచింది, గడి చాలక మార్జిన్‌లోకి కూడా వెళ్లింది. నాలుగో గడి దగ్గర ఆగిపోయింది. నిజం కాదనడానికి ఆధారాలు. ఎంత తవ్వినా ఏమీ తగల్లేదు. ఖాళీగా వదిలి వంటింట్లోకి వెళ్లాను.

మాడిన గిన్నె తోమి వచ్చేసరికి నాలుగో గడి నిండిపోయి ఉంది. ఎర్ర ఇంకుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబర్లు వేసి మరీ. ఒకటి, ఇంటిని శుభ్రంగా ఉంచుతుంది. రెండు, అత్తగారికి మందులు వేళకి ఇస్తుంది. మూడు, వంట బాగా చేస్తుంది, ఈ ఒక్కరోజు తప్ప. నాలుగు, ఎదురు మాట్లాడదు. ఇలా తొమ్మిది. నేను రాసిన మూడో గడిలో ఒక అక్షరదోషం కూడా దిద్ది ఉంది.

"ఖాళీగా వదిలేశావేమిటి? ఖాళీ వదిలితే మార్కులు రావు," అని నవ్వారు మా ఆయన. "చూడు, తొమ్మిది దొరికాయి నాకు. ఇప్పుడేమంటావు? పనికిరావా నువ్వు?"

ఎంత ప్రేమగా అన్నారంటే నా కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో ఆయన నా గురించి తొమ్మిది మంచి మాటలు ఒకేచోట అనడం అదే మొదలు. మరి ఎందుకు ఆ కాగితాన్ని బోర్లా పెట్టేయాలనిపించింది? మంచి మాటలే కదా! ఒక్కొక్కటీ మళ్లీ చదివాను. అన్నీ నిజాలే. ఒక్కదానిలోనూ అబద్ధం లేదు. ఏం తక్కువైందో నాకు పట్టుబడలేదు. మెచ్చుకుంటే కూడా ఏడ్చేదాన్ని ఏమనాలి, అందుకే డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాను అనుకున్నాను.

గురువారం కౌన్సిలరమ్మ ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. దిద్దిన అక్షరదోషం మీద ఆమె వేలు ఆగింది.

"ఈ ఎర్ర ఇంకు ఎవరిదండీ?"

"మావారిది. సాయం చేశారు."

"ఓహో. ఈ తొమ్మిదీ చదివాక మీకేమనిపించింది?"

"సంతోషించాలనిపించింది. కానీ సంతోషం రాలేదు. నాకే ఏదో లోపం ఉన్నట్టుందండీ." ఆ తర్వాత ఏమైందో ఏమో, ఎన్నాళ్ల నుంచో నోట్లో నానుతున్నది బయటపడింది. "మేడమ్, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. నా ఆలోచనలన్నీ తప్పని మీరు నాకు నేర్పిస్తున్నారా? అలాగైతే అది నాకు ఎప్పుడో వచ్చు."

ఆమె నవ్వుతుందనుకున్నాను. కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది.

"కాదండీ. నేను సరిగ్గా చెప్పలేదేమో. ఆలోచన తప్పని ముందే తీర్పు చెప్పడానికి కాదు ఈ కాగితం. నిజమో కాదో చూడటానికి. చూశాక కొన్ని నిజమే అని తేలతాయి. అప్పుడు ఆలోచనని మార్చం, ఆ పరిస్థితిని ఏం చేయాలో చూస్తాం. ఉదాహరణకి, మీరు అలసిపోయారని మీకనిపిస్తే, బహుశా మీరు అలసిపోయారు."

ఇంత చిన్న మాటకి కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను. బహుశా మీరు అలసిపోయారు! ఇందులో ఏముందని? ఆమె టిష్యూల డబ్బా నా వైపు తోసి, కాగితం మీద మూడో గడిలో లేబుళ్ల మాట దగ్గర పెన్సిల్‌తో చుట్టూ గీసింది.

"దీని గురించి చెప్పండి. ఆ తారుమారైన సంగతి ఎవరు పట్టుకున్నారు?"

"ఇన్‌చార్జి," అన్నాను. వెంటనే అన్నాను. అన్నాక మాత్రం ఏదో తేడాగా అనిపించింది. ఇన్‌చార్జి మొహం గుర్తుంది, రెండు ట్యూబులు గుర్తున్నాయి, ఎవరో "ఆపండి, ఆపండి" అన్నది గుర్తుంది. అన్నది ఎవరు? ఇన్‌చార్జే అయ్యుండాలి. తప్పు చేసింది నేను కాబట్టి పట్టుకున్నది ఇంకొకరే కదా. "ఇన్‌చార్జే అనుకుంటానండీ. ఖచ్చితంగా తెలియదు."

"తెలియకపోతే మీ మీద మీరు కోప్పడకండి. మనసు బాగా కుంగినప్పుడు జ్ఞాపకం కూడా ఒకవైపే ఒరుగుతుంది. ఊహించొద్దు, అడిగి తెలుసుకుందాం. అక్కడ ఆరోజు ఉన్నవాళ్లెవరికైనా ఫోన్ చేయగలరా? ఈ వారం హోంవర్క్ అదొక్కటే. నాలుగో గడి మాత్రం ఈసారి ఎవరికీ ఇవ్వకండి."

చెప్పినంత తేలికా! శుక్రవారమంతా ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాను. ఏమని అడగాలి? "నేను చేసిన వెధవ పని గుర్తుందా?" అని అడగాలా? వాళ్లంతా ఈ మూడు నెలలూ నా గురించి ఏమనుకుని ఉంటారో! మరోవైపు ఆ రాజీనామా ఉత్తరం భోజనాల బల్ల మీదికి వచ్చేసింది, మీద ఎగిరిపోకుండా ఉప్పు డబ్బా. సంతకం పెట్టేస్తే ఫోన్ చేసే అవసరం కూడా ఉండదు. ఆ ఆలోచన ఎంత హాయిగా అనిపించిందంటే నాకే భయమేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ఏది నుయ్యో ఏది గొయ్యో కూడా తెలియడం లేదు.

శనివారం పదకొండింటికి, వాషింగ్ మెషిన్ తిరుగుతుండగా, ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడదన్న ధైర్యంతో సూదమ్మకి ఫోన్ చేశాను. లాబ్‌లో మా సీనియర్. పసిపిల్లల నరం కూడా ఒక్క గుచ్చుకే దొరకబుచ్చుకుంటుందని అందరూ అలా పిలుస్తారు.

"ఏమ్మా, బతికే ఉన్నావా!" అంది ఎత్తగానే. "ఒక్క ఫోనూ లేదు, ఒక్క కబురూ లేదు. సోమవారం వస్తున్నావా లేదా, అది చెప్పు ముందు."

"అక్కా, ఒకటి అడగాలి. ఆ లేబుళ్లు మారిపోయిన రోజు, ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరు పట్టుకోవడమేమిటి?"

"అదే, తప్పు అని ఎవరు కనిపెట్టారు? ఇన్‌చార్జి గారేనా?"

"ఏమైంది తల్లీ నీకు? ఆయనకి నువ్వు చెప్తేనేగా తెలిసింది! ఆ గర్భిణీ ఆవిడకి పోయిన నెల హిమోగ్లోబిన్ తొమ్మిదుంటే ఇప్పుడు పద్నాలుగెలా అయిందీ అని నువ్వే పాత రిపోర్టు తిరగేశావు. ఆపండి ఆపండి అని అరిచింది నువ్వే. నేను ప్రింటర్ దగ్గరున్నాను, నా చేతిలోంచి కాగితం లాగేసుకున్నావు. తప్పు నాదే అని ఫారం నింపి సంతకం కూడా పెట్టావు. నువ్వు నోరు మూసుకుని ఉంటే ఈ జన్మకి ఎవరికీ తెలిసేది కాదు." కాస్త ఆగి, "నీకు గుర్తులేదా?" అంది మెల్లగా.

గుర్తులేదక్కా అన్నాను. సోమవారం సంగతి చెప్పకుండానే పెట్టేశాను. వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడ్డాను. సంతోషం రావాలి కదా ఇప్పుడు? రాలేదు. భయం వచ్చింది. నా గొంతుని నేను ఇంకొకరి గొంతనుకున్నానంటే, ఇంకా ఏమేం అలా వేరేవాళ్లకి ఇచ్చేశానో! స్టూలు లాక్కుని కూర్చున్నాను. కాగితం తెచ్చి నాలుగో గడిలో పెన్సిల్‌తో రాశాను: తప్పు నేనే పట్టుకున్నాను. ఆ వాక్యం కేసి చూస్తుంటే ఎవరి గురించో చదువుతున్నట్టుంది. అబద్ధం మాత్రం కాదు, దానికి సాక్షి ఉంది.

వాకర్ చప్పుడు చేసుకుంటూ అత్తయ్య గుమ్మంలోకి వచ్చారు. "ఎవరితోనమ్మాయ్? ఆ సూదుల ఆవిడతోనా?"

"అవునత్తయ్యా. లాబ్‌లో ఆరోజు తప్పు పట్టుకున్నది నేనేనట. నాకు గుర్తే లేదు."

"గుర్తు లేకపోవడమేమిటి?" అత్తయ్య నా వైపు వింతగా చూశారు. "ఆ సాయంత్రం వచ్చి మా ఇద్దరికీ చెప్పావుగా. ఇదిగో ఇక్కడే, చెప్పులు కూడా విప్పకుండా నిలబడి చెప్పావు. పాత కాగితం చూసి కనిపెట్టానని. వాడు, పోనీలే, గండం గడిచింది, ముందు టీ పెట్టు అన్నాడు." వాకర్ తిప్పుకుంటూ మళ్లీ ఆగారు. "నువ్వు పనికెళ్తే నాకు కష్టమేనమ్మాయ్, లేదని అనను. కానీ గుర్తులేదన్నావు కాబట్టి చెప్తున్నాను."

ఆ మధ్యాహ్నం నేను ఏం వండానో, ఎవరు ఏం తిన్నారో తెలియదు. ఒకటే తిరుగుతోంది బుర్రలో. ఆయనకి తెలుసు. మూడు నెలలుగా "నువ్వు చేసిన తప్పు" అన్న ప్రతిసారీ ఆయనకి తెలుసు. ఆ తొమ్మిదీ రాసేటప్పుడు తెలుసు. కాదు కాదు, మర్చిపోయి ఉంటారు పాపం, స్కూలు, పరీక్షలు, వాళ్లమ్మ ఆపరేషన్. నేనే మర్చిపోతే ఆయన మర్చిపోరా? ఇలా ఇంకోవైపు నుంచి ఆలోచించమనేగా కౌన్సిలరమ్మ చెప్పింది. కానీ ఆమె ఇంకొకటి కూడా చెప్పింది, ఊహించొద్దు, అడిగి తెలుసుకోమని.

సాయంత్రం ఐదింటికి ఆయన భోజనాల బల్ల మీద పరీక్ష పేపర్ల కట్ట పెట్టుకుని దిద్దుతున్నారు. పక్కనే రాజీనామా ఉత్తరం. నేను ఎదురుగా కూర్చున్నాను. సాధారణంగా ఆ వేళకి నేను కూర్చోను, అందుకే తలెత్తి చూశారు.

"సంతకం పెట్టేశావా?"

"ఒకటి అడగాలి. ఆ లేబుళ్ల రోజు ఇంటికొచ్చి మీకేం చెప్పాను?"

"ఏ రోజు? ఓ, అదా!" ఆయన తల మళ్లీ పేపర్ మీదికి వెళ్లింది. ఒక లెక్కకి టిక్కు పెట్టారు. "లేబుళ్లు మార్చావని, తర్వాత పాత రిపోర్టు చూసి నువ్వే పట్టుకున్నావని. ఏం, ఇప్పుడెందుకు?"

తడుముకోలేదు. మర్చిపోలేదు. నాకంటే బాగా గుర్తుంది.

"మరి నా కాగితంలో తొమ్మిది రాశారు కదండీ. ఇది రాయలేదేం?"

ఆయన కలం ఆపి నిజంగానే ఆలోచించారు. ఆ మొహంలో దాపరికమేమీ లేదు, దొరికిపోయిన కంగారూ లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"తోచలేదు," అన్నారు. "నువ్వూ అడగలేదుగా."

నాకు కోపం వచ్చిందా, ఏడుపొచ్చిందా, ఇప్పటికీ చెప్పలేను. రెండూ కాదేమో. బరువేమీ దిగలేదు, రేపు పొద్దున మళ్లీ కుళాయి ముందు నిలబడిపోతానేమో కూడా. కానీ నా గురించిన ఒక నిజం ఈ ఇంట్లో మూడు నెలల పాటు ఉంది, నాకు తప్ప అందరి దగ్గరా ఉంది, దాని అవసరం మాత్రం ఎవరికీ పడలేదు. ఆ ఒక్క సంగతిలో నాకు అయోమయం లేదు.

"సోమవారం నేను డ్యూటీకి వెళ్తున్నాను," అన్నాను. "ఏడింటికి బయల్దేరాలి. అత్తయ్యకి మాత్ర ఎనిమిదింటికి, ఏదైనా తిన్నాకే వేయాలి. మీరే చూసుకోవాలి."

ఆయన కలం మూత పెట్టారు. ఉత్తరం కేసి, నా కేసి మార్చి మార్చి చూశారు. "తొందరపడుతున్నావు. నువ్వింకా పూర్తిగా కోలుకోలేదు. వెళ్లి మళ్లీ తప్పు చేస్తే?"

"చేస్తానేమో," అన్నాను. "చేస్తే, దాన్ని పట్టుకున్నదెవరో కూడా ఆరోజే రాసిపెట్టుకుంటాను."